గంగకు పోవలసిన పటం

12-2-1957, మంగళవారం

పటం ఇంటికి వచ్చింది.

గంగయ్య దాన్ని గొంగడిలో చుట్టి, భుజాన పెట్టుకుని ఆరు కోసులు నడిచి జగిత్యాలకు వచ్చాడు. దారిలో ఎక్కడా దించలేదట. మా చరిత్ర సంఘం గదిలో పెడదామంటే నేనే వద్దన్నాను. అక్కడి ఎలుకలు కాకతీయుల శాసనాల నకళ్ళకే మర్యాద ఇవ్వడం లేదు, గుడ్డను వదులుతాయా? మా ఇంట్లో ముందరి సాల ఖాళీగా ఉంది. బాపు పోయాక మగ్గం ఊడదీసి గుంత పూడ్చేశాం. పొడుగాటి సాల, పైన దూలం. పటం వేలాడదీయడానికే కట్టించినట్టుంది.

కచేరీలో పదిహేనేళ్ళుగా నకళ్ళు రాసేవాడిని. ఒప్పందాన్ని కాగితం మీద పెట్టకపోతే నాకు తోచదు. కనుక రాస్తున్నాను. గంగయ్య కూనపులివాడు. మా పద్మశాలీల వాడలు తిరిగి, ఈ పటం విప్పి మార్కండేయుడి కథ చెప్పడం వాళ్ళ తాతల నాటి వృత్తి. ఈ పటం వయసు ముప్పై ఐదేళ్ళు. మడతల దగ్గర రంగు రాలుతోంది. వేములవాడలో నకాషీ ఆయన, పటాలకు బొమ్మలు రాసేవాడు, కొత్తది రాస్తున్నాడు. అది సిద్ధమయ్యాక పాతదాన్ని గోదావరిలో, మా వైపు మాటలో గంగలో, కలుపుతారు, మనిషి పోతే చేసేవన్నీ చేసి. పాతది నీళ్ళలో కలిసేదాకా కొత్త బొమ్మలకు కళ్ళు పెట్టరు. కళ్ళు లేని పటంతో కథ చెప్పరు. ఈ లోపల నలభై రోజుల్లో మన చరిత్ర సంఘం తరఫున నేను మొత్తానికి నకలు తీసి, పటం ఇచ్చేయాలి.

"నలభై దినాలల్ల అయితదా సార్?" అన్నాడు గంగయ్య.

"ముప్పై చాలు" అన్నాను. నా చేతి వేగం సంగతి అతనికేం తెలుసు!

15-2-1957

పొద్దున గంగయ్య వచ్చి పటం మొత్తం విప్పి చూపించాడు. మూరెడు మూరెడు దించుతుంటే ఒక్కో వరుసా బయటికి వచ్చింది. నేలంతా ఎరుపు. ఆ ఎరుపు మీద పసుపు మనుషులు, నీలం దేవుళ్ళు, పచ్చటి చెట్లు. కిటికీలోంచి ఎండ పడితే సాల గోడలన్నీ ఎర్రబడ్డాయి, నా చేతులు కూడా.

అన్నిటికంటే కింది వరుసకు వచ్చాక గంగయ్య ఆగాడు.

"గీ అడుగుకున్నోళ్లు పటం చేయించినోళ్లు సార్. మీ వాడకట్టోళ్లే. గీ మగ్గం మీదున్నది మీ బాపు. గా పక్కకు రాట్నం కాడ కూసున్నది మీ అవ్వ. నకాషాయన మీ వాడకొచ్చి, ఒక్కొక్కల్ని కూసోబెట్టి రాసిండు. నేను అప్పుడు మా బాపెంబడి తాళాలు కొట్టేటోన్ని."

ఆ తర్వాత అతనేం చెప్పాడో నేను వినలేదు.

నన్ను కన్న అవ్వ గత్తరలో, కలరాలో, పోయింది. అప్పటికి నాకు మూడేళ్ళు. ఫొటో లేదు, ఆ రోజుల్లో మా వాడలో ఫొటో ఎవరికుంది? బాపు మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. చిన్నవ్వ నన్ను కడుపులో పెట్టుకుని పెంచింది. అందుకే ఆ ఇంట్లో అవ్వ పేరు ఎవరూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. అడిగితే చిన్నవ్వ బాధపడుతుందని అడగలేదు. అడగకపోవడం నా మంచితనం అనుకుంటూ ముప్పై ఏడేళ్ళ వాడినయ్యాను. నిరుడు చిన్నవ్వ కూడా పోయింది.

జానెడు బొమ్మ. పచ్చ చీర, ఎర్రంచు. ముక్కుకు పెద్ద ముక్కెర. పసుపు ముఖం పక్కకు తిరిగి ఉంది, పెద్ద కన్ను మాత్రం నా వైపే చూస్తోంది. చెవి దగ్గర రంగు లేచి చిన్న పెచ్చు ఊడింది. ఆ పెచ్చు మీద నాకు ఎంత కోపం వచ్చిందో చెప్పలేను.

17-2-1957

నకలు మొదలుపెట్టాను. పై నుంచి కాక కింది వరుస నుంచి మొదలుపెడితే పద్ధతిగా ఉంటుందనిపించింది.

20-2-1957

పక్కింటి లస్మవ్వ గడప దగ్గరికి వచ్చి నిలబడింది. కళ్ళ మీద చెయ్యి అడ్డం పెట్టుకుని లోపలికి చూస్తోంది.

"గది గంగయ్య పటమేనా బిడ్డా? జర దగ్గరికొచ్చి చూస్త."

ఆమె చేతుల నిండా నూనె. తలకు రాసుకుని అట్లాగే వచ్చింది. వద్దన్నాను. ఇది ఆట బొమ్మ కాదు, చారిత్రక వస్తువు అని చెప్పాను. "గట్లనా" అని పోయింది.

బాలలక్ష్మి అన్నం పెడుతూ, "నా దిక్కు గిట్ల ఒక్కనాడన్న జూసినవా?" అంది. నా పెళ్ళాం నోరు వాడకట్టుకంతా తెలుసు. నా చూపు గోడ వైపే ఉందని ఆమె అన్నాకే తెలిసింది.

24-2-1957, ఆదివారం

మధ్యాహ్నం పటం కింద చాప వేసుకుని పడుకున్నాను. ఎండ పటం మీద పడి, అక్కణ్ణుంచి నా మీద పడుతోంది. కునుకులో నేను ఆ ఎరుపు లోపల నడుస్తున్నాను. అక్కడి మనుషులందరూ పక్కకే తిరిగి ఉన్నారు, ఎవరూ ఎదురుగా చూడరు, కానీ దారి ఇస్తారు. కాళ్ళ కింద నేల గంజి పెట్టిన గుడ్డలాగా గరగరమంటోంది. ఎక్కడో రాట్నం తిరుగుతోంది. ఆ చప్పుడు వెంట పోతే పోతూనే ఉన్నాను. పెద్ద పెద్ద పువ్వులున్న చెట్టు దాటాను. ఏనుగును దాటాను. రాట్నం ఇంకో వరుస కిందనే వినిపిస్తోంది.

లేచేసరికి పొద్దు వాలింది. చప్పుడు నిజమే, లస్మవ్వ ఇంట్లోది.

1-3-1957

అవ్వ బొమ్మ మూడోసారి గీశాను. రాలేదు.

6-3-1957

నకలు రాసేవాడికి అక్షరం అర్థం కాకపోయినా ఫరవాలేదు, ఆకారం వస్తే చాలు. ఉర్దూ దస్తావేజులు కూడా అట్లాగే రాశాను మొదట్లో. కానీ ఈ ముఖం ఆకారం వచ్చినా రావడం లేదు. ముక్కు అదే, ముక్కెర అదే, కన్ను అదే. కాగితం మీదకు వచ్చాక ఎవరో పరాయి ఆడమనిషి.

మిగతా వరుసలు రోజుకొకటి చొప్పున పూర్తవుతున్నాయి. ఆలస్యమేమీ లేదు. ఏడు మిగిలాయి, అంతే.

11-3-1957

ఈ మధ్య కచేరీ నుంచి త్వరగా వచ్చేస్తున్నాను. సాయంత్రం నాలుగుంపావుకు కిటికీ ఎండ సరిగ్గా కింది వరుస మీదికి వస్తుంది. పావుగంట ఉంటుంది. ఆ పావుగంటా ఆమె చీర నిజంగా పచ్చబడుతుంది. గోడకు ఆనుకుని కూర్చుంటాను. ఏమీ ఆలోచించను. చిన్నప్పుడు జ్వరం వచ్చి తగ్గాక, నీరసంగా పక్కలో పడుకుని, ఇంట్లో చప్పుళ్ళు దూరంగా వింటుంటే హాయిగా ఉండేది. అట్లా ఉంటుంది.

17-3-1957, ఆదివారం

సంఘం సమావేశం. లెక్కకు ఏడుగురం, వచ్చింది నలుగురం. అధ్యక్షులు బుచ్చిరాములు సార్ రిటైరయ్యాక ఇంకా చురుకయ్యారు. పొలాల్లో గట్టురాళ్ళుగా పడి ఉన్న శాసనాలను ఆదివారాలు తిరిగి వెతికింది ఆయనే, తడి కాగితం రాతి మీద అతికించి, కుంచెతో కొట్టి, మసి అద్ది అచ్చు తీయడం నాకు నేర్పిందీ ఆయనే. ఇప్పుడు సంఘంలో నా అంత శుభ్రంగా అచ్చు తీసేవాడు లేడని ఆయనే అంటారు.

పటం గోదావరిలో వేయడం ఘోరం అన్నాను. అందరూ ఔనన్నారు. తీర్మానం నేనే రాశాను: "నశించుచున్న ప్రాచీన చిత్రపటమును సంరక్షించుట సంఘము యొక్క పవిత్ర ధర్మము గావున, సదరు పటమును సంఘము తన అధీనమందే యుంచుకొనవలెనని తీర్మానించడమైనది." చదివి వినిపిస్తుంటే నాకే ఒళ్ళు పులకరించింది.

బుచ్చిరాములు సార్ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ, "గంగయ్యకు ఏం చెప్తవ్ మొండయ్యా?" అన్నారు.

నచ్చజెబుతానన్నాను. ఇందులో నా స్వార్థమేముంది?

24-3-1957, ఆదివారం

నలభై రోజులు. గంగయ్య పొద్దున్నే వచ్చాడు. కొత్త పటం తయారయిందట. ఇంట్లో దూలానికి కట్టి ఉంచారట, కళ్ళు లేకుండా.

తీర్మానం చదివి వినిపించాను. గోడకు ఆనుకుని కూర్చుని శ్రద్ధగా విన్నాడు.

"మంచిగ రాసిండ్రు సార్" అన్నాడు. "మరి మేమెట్ల సార్? గీ మూడు నెలలే మాకు. ఊరూరు తిరిగి కథ చెప్తె జొన్నలు పెడ్తరు, వడ్లు పెడ్తరు. వాన పడ్డదంటె ఎవ్వలు ఇనరు. గా పెట్టిన గింజలే మల్ల యాడాది దాక. పోయిన ఏడు వానలకు గీ పటం తడుస్తదని మూడూర్లు తప్పినం. గీ యేడు ఒక్క ఊరు గూడ పోలే."

"కొత్త పటానికి కళ్ళు పెట్టించుకో. ఇది మా దగ్గర ఉంటుంది. ఏమవుతుంది?"

అతను నవ్వాడు. కోపం లేదు ఆ నవ్వులో. "ఇంట్ల పీనుగను పెట్టుకొని పెండ్లి చేస్తరా సార్?"

ఉగాది దాకా గడువు అడిగాను. ఇంకా రెండు వరుసలున్నాయని చెప్పాను. నిజానికి వరుసలన్నీ పదమూడో తేదీకే పూర్తయ్యాయి. ఆ మాట ఇక్కడ రాసుకుంటున్నాను, ఎక్కడో ఒకచోట నిజం ఉండాలి కనుక.

27-3-1957

ఉగాదికి అయిదు రోజులు. కథ చెప్పేవాడికి కథ ముఖ్యం. నాకు ముఖం ముఖ్యం. ఇద్దరిదీ తీరే ఉపాయం ఒకటి తట్టింది. దగ్గరగా చూస్తే రంగు గీతలు కొద్దిగా ఉబ్బి ఉన్నాయి, చేతికి తగులుతాయి. రాతి మీద అక్షరాల కంటే తక్కువ, కానీ తగులుతాయి.

29-3-1957

ఈరోజు ఏమీ రాయను.

30-3-1957

రాస్తాను. రాయకపోతే తోచదని మొదటి రోజే రాసుకున్నాను కదా.

నిన్న నాలుగింటికి, బాలలక్ష్మి వాగు నుంచి ఇంకా రాలేదు. శాసనాల అచ్చుకు వాడే కాగితం ఒకటి జానెడు కోసి, తడిపి, నీళ్ళు బాగా పిండి, అవ్వ బొమ్మ మీద వేశాను. మెత్తటి కుంచెతో మెల్లగా తట్టాను. తడి చాలా తక్కువ, రాయికి వాడే దాంట్లో పావు వంతు కూడా లేదు. ఎండ కూడా సరిగ్గా అప్పుడే వచ్చింది. కాసేపు ఆరనిచ్చి ఒక మూల పట్టుకుని ఎత్తాను.

ముఖం కాగితంతో పాటు లేచి వచ్చింది.

పటం మీద జానెడు తెల్లటి చదరం మిగిలింది. సుద్ద, దాని కింద గుడ్డ. నూలు పోగులు కనిపిస్తున్నాయి.

ఆ గుడ్డకు పెట్టింది చింతగింజల గంజి. గంజి మీద సుద్ద. సుద్ద మీద జిగురు కలిపిన రంగు. నేను సాలోళ్ళ ఇంట్లో పుట్టినవాడిని. గంజి పెట్టిన పోగుకు తడి తగిలితే ఏమవుతుందో నడక రాకముందే చూసినవాడిని. వాన పడితే బయట ఆరేసిన పడుగు కోసం వాడ వాడంతా ఉరకడం నేను చూడలేదా? సంఘంలో అందరికంటే శుభ్రంగా అచ్చు తీసే మొండయ్యకు రాయికీ గుడ్డకూ తేడా గుర్తు లేకపోయింది.

ఏడ్చాను. ఆ ఏడుపు వయసు ముప్పై నాలుగేళ్ళు కావచ్చు.

31-3-1957

సంఘం రిజిస్టరులో రాశాను: "చెమ్మ వల్ల అడుగు వరుసలో కొంత భాగము చెడినది."

కాగితం ఆరింది. ముఖం దాని మీద తిరగబడి ఉంది, అటు చూసేది ఇప్పుడు ఇటు చూస్తోంది. రంగు కొంచెం చెదిరినా ముక్కెర బాగా వచ్చింది. రెండు అట్టల మధ్య పెట్టి, దారం కట్టి, పెట్టెలో బట్టల అడుగున ఉంచాను. ఇది పటం కాదు కదా. నేను తీసిన అచ్చు. సంఘం పద్ధతి ప్రకారం అచ్చు తీసినవాడిదే అచ్చు.

1-4-1957, ఉగాది

గంగయ్య వచ్చాడు. పచ్చడి తిని, నీళ్ళు తాగి, పటం కింది నుంచి విప్పమన్నాడు. విప్పాను.

చాలాసేపు చూశాడు. చదరం అంచుల మీద వేలితో గాలిలోనే గీశాడు, తాకలేదు.

"చెమ్మ పట్టింది" అన్నాను.

"చెమ్మ నాలుగు మూలలు గీసుకొని పడతదా సార్?"

అతను పటాన్ని చుట్టి, గొంగడిలో కట్టాడు. గుమ్మం దగ్గర ఆగి, నా వైపు కాకుండా వీధి వైపు చూస్తూ చెప్పాడు. "దీని మీదున్నదంత గంగకు పోవాలె. గోరంత మీద మిగిలినా కొత్తదాని కండ్లు తెరువరాదు. మా బాపు గట్లనే చెప్పిండు, ఆయినకు ఆయిన బాపు చెప్పిండు. నువ్వు రాసుకున్న నకలు నీది, అది నీ చేతి రాత, దానికి ఏం ఫికర్ లేదు. ఎప్పుడు పోదామో నువ్వే చెప్పంపు సార్. నేను అడగ. అడిగి తీసుకుంటె అది ఇచ్చినట్టు గాదు."

సాల ఖాళీగా ఉంది. గోడలు తెల్లగా ఉన్నాయి. ఇంత తెలుపు ఎప్పుడు వేయించానో గుర్తు లేదు.

4-4-1957

కబురు పంపలేదు. కచేరీలో పని ఎక్కువగా ఉంది.

7-4-1957

నాలుగింటికి పెట్టె తెరిచి అట్టలు విప్పాను. చెంప మీద పసుపు కొద్దిగా రాలి కాగితం మడతలో చేరింది. వేలి కొసకు అంటింది. ఆ వేలితో ఏం చేయాలో తెలియక చాలాసేపు అట్లాగే కూర్చున్నాను.

9-4-1957

ముక్కెర రాలిపోయింది.

10-4-1957

మళ్ళీ ఆ ఎరుపులోకి పోయాను, మధ్యాహ్నం కునుకులోనే. అదే చెట్టు, అదే ఏనుగు. అందరూ పక్కకు తిరిగే ఉన్నారు, కానీ ఈసారి ఎవరికీ కళ్ళు లేవు. దారి ఇవ్వడానికి నేను వస్తున్నానని వాళ్ళకు తెలియడం లేదు. తగులుకుంటూ పోయాను. రాట్నం చప్పుడు లేదు.

12-4-1957

బాలలక్ష్మి పెట్టె సర్దుతూ అట్టలు చూసింది. విప్పలేదు. తెచ్చి నా ముందు పెట్టింది.

"గిండ్ల ఎవరున్నరో నాకెరుకే" అంది. "నువ్వు చెప్పకున్న ఎరుకే. పటం పోయినంక గూడ నాలుగింటికి ఉరికొస్తున్నవు గద."

నేను ఏదో అనబోయాను.

"ఇను. నిన్న సంతల గంగయ్య పెండ్లాం కలిసింది. ఇప్పపువ్వు ఏరుకొచ్చి ఉడకబెట్టుకొని తింటున్నరట. మూడు నెలల కథల ఒక నెల పాయె. ఆమె నీ మీద ఒక్క మాట అనలే. అంటె నాకు జర నయమనిపిస్తుండె."

అట్టలు నా దగ్గరికి జరిపి, మళ్ళీ అంది. "ఇంకోటి. మీ అవ్వ పక్కకు నూలు కండెలు పట్టుకుంట ఒకామె ఉన్నది సూడు పటంల. గామె ఎవరో ఎరుకేనా? లస్మవ్వత్త. తనను తను చూసుకుందామని వస్తె చేతులకు నూనె ఉన్నదని ఎల్లగొట్టినవట."

ఆ బొమ్మను నేను నకలు తీశాను. చీర రంగు, గళ్ళు, చేతిలో కండె, అన్నీ సరిగ్గా ఉన్నాయి నా నకలులో. కింద "ఒక స్త్రీ" అని రాసి ఉంది, నా గుండ్రటి అక్షరాలతో.

సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. సాయంత్రమే గంగయ్యకు కబురు పంపాను. రిజిస్టరులో "చెమ్మ వల్ల" కొట్టేసి, "మొండయ్య చేతి తప్పు వల్ల" అని రాశాను. తీర్మానం మీద అడ్డంగా గీత గీసి, బుచ్చిరాములు సార్ ఇంటికి రిజిస్టరు పట్టుకుపోయాను. ఆయన చదివి, పక్కన తన సంతకం కూడా పెట్టారు. "ఔనన్నోళ్లం మేం గూడ ఉన్నం గద" అన్నారు.

తర్వాత లస్మవ్వ ఇంటికి పోయి, గంగకు వస్తావా అని అడిగాను. "గా అడుగు వరుసల మిగిలింది నేనొక్కదాన్నే గద బిడ్డా, రాకుంటె ఎట్ల?" అంది. ఇంకేదైనా అడుగుదామనుకున్నాను. బస్సు వేళ మాత్రం చెప్పి వచ్చేశాను.

14-4-1957, ఆదివారం

తొలి బస్సులో ధర్మపురికి పోయాం. గంగయ్య పటాన్ని ఒళ్ళో పెట్టుకున్నాడు. కండక్టరు అదేమిటని అడిగితే, "మా ముసలామె. గంగకు తోల్కపోతున్నం" అన్నాడు. కండక్టరు ఇంకేమీ అడగలేదు.

రేవు దాటి ఎగువకు, జనం లేని చోటికి నడిచాం. ఎండాకాలం గోదావరి. ఇసుక చాలా, నీళ్ళు కొన్ని. ఆ కొన్ని నీళ్ళ మీద పొద్దుటి పొగమంచు ఇంకా పోలేదు, అవతలి ఒడ్డు ఉందో లేదో తెలియడం లేదు. నకాషీ ఆయన ముందే వచ్చి, కొత్త పటం ఇసుక మీద చాపలో పెట్టుకుని, నల్ల రంగు గిన్నె ఒకటి, సన్నటి కుంచె ఒకటి పక్కన పెట్టుకుని కూర్చున్నాడు. లస్మవ్వ పసుపు, కుంకుమ తెచ్చింది. గంగయ్య కొడుకులు ఇద్దరు పటాన్ని చెరో వైపు పట్టుకుని మోకాళ్ళ లోతులోకి దిగారు.

పై నుంచి విప్పుతూ పోయారు. ఒక్కో వరుస నీళ్ళ మీద పరుచుకోగానే గంగయ్య ఆ వరుస కథ ఒక్క మాటలో చెప్పేవాడు. పాడలేదు. ఇంటికి వచ్చిపోయేవాళ్ళను పేరు పెట్టి సాగనంపినట్టు చెప్పాడు. ఎరుపు నీళ్ళలో కరిగి, ముందు గులాబీ రంగయి, తర్వాత నీళ్ళ రంగే అయింది. దేవుళ్ళు, ఏనుగు, పువ్వుల చెట్టు. నేను నడిచిన దారంతా కళ్ళ ముందే పోతోంది. నాకు భయం వేయలేదు. కలలో ఉన్నప్పటి తీరుగానే కాళ్ళు తేలికగా ఉన్నాయి.

అడుగు వరుస వచ్చింది. తెల్లటి చదరం పైకి కనబడుతోంది. గంగయ్య ఆగాడు. నా వైపు చూడలేదు. నీళ్ళ వైపు చూస్తూ నిలబడ్డాడు. అడగనన్నాడు, అడగలేదు. అతని కొడుకుల చేతులు నొప్పి పుడుతున్నాయని తెలుస్తోంది.

లాల్చీలోంచి అట్టలు తీశాను. దారం ముడి లస్మవ్వ విప్పింది. కాగితం తీసుకుని నీళ్ళలోకి దిగాను. ముఖం కిందికి ఉండేట్టు తిప్పి, ఆ చదరం మీద వేశాను. నాలుగు మూలలూ సరిగ్గా కూర్చున్నాయి. లేచిన చోటికే పోయింది.

"పేరు జెప్పి ఇడువు" అన్నాడు గంగయ్య.

ఆమె పేరు నేను ఎప్పుడూ పైకి అనలేదు. మా ఇంట్లో ఎవరూ అనలేదు. కచేరీలో వారసత్వ కాగితం నకలులో ఒకసారి నా చేతితో నేనే రాశాను, అంతే.

"పోశవ్వ" అన్నాను. మళ్ళీ అన్నాను.

కాగితం కాసేపు తేలింది. పసుపు రంగు ఒక్క చెయ్యి వెడల్పున కనిపించి, పొగమంచు వైపు పోయింది. వాళ్ళు గుడ్డ వదిలేశారు.

ఒడ్డుకు వచ్చేసరికి నకాషీ ఆయన కుంచె ముంచి మొదటి కన్ను పెట్టాడు. గంగయ్య ఆ పక్కనే ఇసుకలో కూలబడి, తల మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. రేపటి నుంచి వెల్గటూరు వైపు పోతారట. మా వాడకట్టులోనే ముందు కథ చెప్పించాలనుకున్నాను. అతను వద్దన్నాడు. "కథకు ఆకలున్న ఊర్లు ముందు సార్. మీ ఊరికి ఆఖరుకొస్త" అన్నాడు.

తిరుగు బస్సులో కిటికీ పక్కన లస్మవ్వ, ఆమె పక్కన నేను. బట్టలు ఇంకా తడిగా ఉన్నాయి. నలభై అయిదు రోజులు పటం ముందు కూర్చున్నాను, మరో పదిహేను రోజులు కాగితం ముందు కూర్చున్నాను. ఆమె నా గోడకు అవతల, పొద్దుందాకా రాట్నం తిప్పుతూ కూర్చుంది. ఆ గోడ నేను దాటలేదు. అయిదారు ఊళ్ళ పొలాలు తిరిగి రాళ్ళను అడిగాను, పక్కింటి మనిషిని అడగలేదు.

"పెద్దవ్వా" అన్నాను. "మా అవ్వ ఎట్లుండేది?"

ఆమె నా వైపు తిరిగి, కొంగుతో నా మొహం మీది ఇసుక తుడిచింది.

"ఇన్నేండ్లకు అడిగినవా బిడ్డా" అంది. "నాకు రెండేండ్లు చిన్నది. నల్లగుండేది, పసుపు లేదు పాడు లేదు. నకాషోడు అందరికి గదే రంగు ఏస్తడు. నోరు మాత్రం, అమ్మో! నువ్వు పగటిపూట పండుకుంటివనుకో, బయటికొచ్చి వాడకట్టు నడుమ నిలవడేది. మా పిల్లగాడు పండుకున్నడు, మగ్గాలు బందు పెట్టుండ్రి, అని ఒక్క కేక. మొగోళ్లంత తిట్టుకుంటనే ఆపుతుండిరి. నువ్వు లేచేదాక మా వాడల ఒక్క మగ్గం ఆడేది కాదు."